చేతికి తెలియని వేడి

ఆ ఉదయం రేపల్లె దగ్గర మత్స్యకారుల వీధిలో ఇంటింటికీ తిరుగుతున్నాను. ఒకావిడ స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. అందుకుని మాట్లాడుతూ నిలబడ్డాను.

"అక్కా, చెయ్యి కాలట్లేదా? నేను కొంగుతో పట్టుకొచ్చానే!" అంది.

చూసుకుంటే చిటికెన వేలు పక్కన బొబ్బ లేస్తోంది. నాకేమీ తెలియలేదు.

నేను ప్రజారోగ్య శాఖలో డాక్టర్‌గా పనిచేశాను. చివరి ఏళ్లలో కుష్ఠు నివారణ చూశాను. ఆ తిరుగుడులో ఊరూరా పరిచయాలు పెరిగాయి. అది చూసి ఒక పార్టీ పిలిచింది. ఉద్యోగం వదిలేసి జెడ్పీటీసీగా గెలిచాను. రెండోసారి కూడా టికెట్ నాదే అన్నారు, అందుకే ఆ ఇంటింటి తిరుగుడు.

తెనాలిలో ఇంటికి రాగానే మా ఆయన ముందు చెయ్యి చాపి కళ్లు మూసుకున్నాను. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటుంది. దాని మీద దూది తాకించమన్నాను. తగిలినప్పుడల్లా చెప్తానన్నాను. చాలాసేపు ఎదురుచూశాను.

"మొదలుపెట్టండి."

"ఇందాకట్నించీ అదే చేస్తున్నానే" అన్నారాయన.

భయం వేయలేదు. అసలేమీ అనిపించలేదు.

మర్నాడు బాపట్లలో, ఒకప్పుడు నాతో పనిచేసిన స్కిన్ డాక్టర్‌కు చూపించాను. ఆయన నా మోచేతి వెనక నరం తడిమి చూశాడు. "అల్నార్ నెర్వ్ లావైందండి మేడం. స్మియర్ చేద్దాం. మీకు నేను చెప్పేదేముంది" అన్నాడు. చర్మం గీరి తీసిన స్మియర్ పాజిటివ్ వచ్చింది, కుష్ఠు క్రిములు ఎక్కువగానే ఉన్నాయి. "మల్టీబాసిలరీ లెప్రసీ. ఏడాది ఎండీటీ మాత్రలు వాడాలండి."

ఎంతోమందికి నేను చెప్పిన మాటే అది. ఇంకెవరికో చెబుతున్నట్టు విన్నాను.

పార్టీలో పెద్దాయనకు చెప్పాను. "ఎవరికీ తెలియనివ్వొద్దమ్మా. అడిగితే షుగర్ అనండి" అన్నారు. తలూపాను.

మాత్రలకు ఒళ్లు నల్లబడింది. కొన్ని నెలలకు లెప్రా రియాక్షన్ వచ్చింది, క్రిముల మీద ఒళ్లు తిరగబడటమది. మొహం వాచింది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకటే పోటు. "ప్రెడ్నిసోలోన్ మొదలెడదాం. ఎండీటీ మాత్రం ఆపొద్దండి" అన్నాడు డాక్టర్. వాపు తగ్గింది. చివరి రెండు వేళ్లు మాత్రం వంగిపోయాయి.

అలాగే రేపల్లెలో మీటింగ్‌కు వెళ్లాను. నేను మాట్లాడుతుంటే ముందు వరసలో ఒక ముసలాయన అడ్డొచ్చాడు.

"ఏంటమ్మా, అట్టా నల్లబడిపోయావు? ఒంట్లో బాగోలేదా?"

షుగర్ అనబోయాను. నోరు రాలేదు.

"కుష్ఠు వచ్చింది బాబాయ్. మందులు వాడుతున్నాను. ఇంక నా నుంచి ఎవరికీ రాదు."

మైకులో ఆ మాట వీధంతా వినిపించింది. వేదిక మీద నా పక్కనున్న నాయకుడు ఫోన్ చెవిన పెట్టుకుని దిగిపోయాడు. ముందు వరసలో కొందరు లేచారు. ముసలాయన కదల్లేదు.

"మందుందిగా, వాడుకో తల్లీ. ఇంతకీ మా డ్రైనేజీ సంగతి చెప్పు" అన్నాడు.

చెప్పాను.

టికెట్ ఇంకొకరికి ఇచ్చారు. కబురు విని మా ఆయన ఏడ్చారు. నేను అన్నం వడ్డించాను.

కోర్సు పూర్తయింది. ఫిజియోథెరపీతో వేళ్లు కొంత సాగాయి. దండం పెడితే అరచేతులు ఇప్పటికీ పూర్తిగా కలవవు. పదవి లేకపోయినా పనుల కోసం జనం వస్తూనే ఉన్నారు. కొందరు గుమ్మం బయటే నిలబడి మాట్లాడి వెళ్తారు. లోపలికి రమ్మని ఒకసారి అంటాను, రెండోసారి అనను.

మీకు చెప్పేది ఒక్కటే. ఒంటి మీద మచ్చ నొప్పి లేదు, దురద లేదు అని ఊరుకోకండి. అలాంటి మచ్చనే ముందు చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితంగా ఇస్తారు. ఆ మందు జబ్బును తీసేస్తుంది. పోయిన స్పర్శను మాత్రం తెచ్చివ్వదు.