లచ్చవ్వను తరిమేసిన ఆటగాడు

2023 వేసవి. సైనిక్‌పురిలో ఒక బేకరీ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని కంప్యూటర్ గేములు టెస్ట్ చేస్తున్నాను. మా పనిని క్యూఏ అంటారు. అందరూ గెలవడానికి ఆడతారు, మేము చెడగొట్టడానికి ఆడతాం. గోడలోంచి దూరిపోగలమా, చచ్చిన శత్రువు లేచి కబుర్లు చెబుతాడా, ఇలాంటివి వెతికి, దొరికిన ప్రతి తప్పునూ బగ్ అని రాసి పంపుతాం. ఆ వేసవిలో నా చేతికి వచ్చిన గేము గురించి చెప్పాలంటే ముందు నా కడుపుమంట గురించి చెప్పాలి.

ఆ గేము చేసింది స్రవంతి, చిలకలగూడ అమ్మాయి. అంతకుముందు మేమిద్దరం కార్ఖానా ఏరియాలో ఒకే ఆఫీసులో మొబైల్ గేములు చేసేవాళ్లం. రంగురంగుల పండ్లను వరసలో పేర్చే ఆటలు. లంచ్ టైములో ఆమెకు పాతకాలపు రోల్ ప్లేయింగ్ గేములు చూపించింది నేను. పైనుంచి ఏటవాలుగా కనిపించే ఊళ్లు, మన వెంట నడిచే నలుగురైదుగురు తోడువాళ్లు, వంతులవారీగా సాగే యుద్ధాలు, పేజీలకు పేజీల సంభాషణలు. ఇలాంటిది మనమే ఒకటి చేద్దామన్నదీ నేనే. చాయ్ తాగుతూ టిష్యూ కాగితం మీద కోట గుమ్మం బొమ్మ గీసిందీ నేనే. ఆ తర్వాత పెద్ద కంపెనీల చుట్టూ తిరిగాను. "ఇంత చదివే ఓపిక ఇప్పుడెవరికుంది సార్?" అని అందరిదీ ఒకటే మాట. నేను నమ్మి ఊరుకున్నాను. స్రవంతి నమ్మలేదు.

ఆమె క్రౌడ్‌ఫండింగ్‌కు వెళ్లింది. అంటే గల్లీలో గణపతికి చందా అడిగినట్టే. "నేను చేయబోయే ఆట ఇదీ, నచ్చితే ముందే డబ్బివ్వండి, తయారయ్యాక మొదట మీకే ఇస్తాను" అని ఇంటర్నెట్‌లో జనాన్ని అడగడం. ఆ పాత ఆటల మీద బెంగపెట్టుకున్నవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని నాకేం తెలుసు? పోలండ్ నుంచి ఒకడు, బ్రెజిల్ నుంచి ఒకడు, ఎగబడి ఇచ్చారు. అడిగిన మొత్తం వారం తిరక్కుండానే వచ్చేసింది, ఆ తర్వాత కూడా ఆగలేదు. ఆ పేజీని రోజూ తెరిచేవాణ్ని. ఒళ్లు మండించుకుని మూసేసేవాణ్ని.

"అంత కష్టంగా ఉంటే చూడటం మానేయొచ్చుగా" అంది మా ఆవిడ.

మానేస్తే ఇంకా కష్టంగా ఉండేది.

గేము పూర్తి కావొచ్చినప్పుడు, మే నెలలో ఒక పొద్దున, స్రవంతి కింద బేకరీలో దిల్‌పసంద్ కట్టించుకుని మా ఆఫీసు మెట్లెక్కింది.

"అన్నా, రిలీజుకు ఇంక నెల సుత లేదు. నువ్వొక్కసారి జూడాలె."

"బీటా అయిపోయిందన్నారుగా?" అన్నాను. డబ్బిచ్చినవాళ్లలో కొందరికి ముందుగా ఆట ఇచ్చి ఆడించి చూడటాన్ని బీటా అంటారు.

"అయింది. అందరు మస్తుంది, మస్తుంది అంటున్రు. నాకు గదే పరేషాన్."

"మెచ్చుకుంటే పరేషాన్ ఎందుకమ్మా?"

"నన్ను జూడలే, గేము జూడలే, ఉత్త మాట మీద పైసలిచ్చిండ్రు అన్నా. ఆఖర్ల జెర ఖరాబైనా ఇంకోపారి నా మాట ఎవ్వరు నమ్మరు. నాకు గీ ఒక్క చాన్సే ఉంది."

సరే చూస్తానన్నాను. ఆమె పంపిన బిల్డ్‌ను, అంటే అప్పటిదాకా తయారైన ఆటను, ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టుకుని మొదలుపెట్టాను. బాగుండకూడదని మనసులో గట్టిగా కోరుకున్నాను. బాగుంది. అదే వచ్చిన చిక్కు.

మొదటి ఊళ్లోనే లచ్చవ్వ అనే ముసలి మంత్రసాని మన వెంట వస్తానంటుంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నా చిలకలగూడ గల్లీ చెవిలో వినిపిస్తుంది. రాజ్యాన్ని కాపాడతానని కత్తి దూసిన వీరుణ్ని ఎగాదిగా చూసి, కత్తి సంగతి తర్వాత, ముందు కాళ్లు కడుక్కో అంటుంది. పకపకా నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఇలాంటి మాట ఒక్కటి నేను రాయగలనా? ఆమెకు జవాబుగా మూడు మాటలు తెర మీద కనిపించాయి. మూడోది, "నీతో నాకు పనిలేదు, పో." దాన్ని నొక్కాను. లచ్చవ్వ మూట సర్దుకుని, మారుమాట లేకుండా వెళ్లిపోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ ఊపులో వెంట వస్తానన్న వాళ్లందరినీ తరిమేశాను. ఒంటరిగా, దెబ్బలు తింటూ, పళ్లు నూరుకుంటూ రోజుల తరబడి ఆడి చివరి కోట దాకా చేరాను. గుమ్మం చూడగానే కడుపు భగ్గుమంది. అది నేను టిష్యూ కాగితం మీద గీసిన గుమ్మమే.

లోపల ఎవరో ఆడమనిషి నొప్పులు పడుతున్న కేకలు. స్రవంతి పంపిన కథ కాగితాలు తిప్పి చూస్తే, ఇక్కడ లచ్చవ్వ ముందుకెళ్లి, మంత్రసానిని వచ్చాను, తలుపు తియ్యండి అనాలి. కాపలావాళ్లు తియ్యాలి. నా పక్కన లచ్చవ్వ లేదు. తలుపు కదల్లేదు. నడవొచ్చు, కత్తి తిప్పొచ్చు, ఏం చేసినా లోపలికి దారి లేదు. దీన్ని సాఫ్ట్ లాక్ అంటాం. ఆట ఆగిపోదు, అలాగని ముందుకూ పోదు. అన్ని రోజులు ఆడినవాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకోవాల్సిందే.

"దొరికింది!" అని కుర్చీలోంచి లేచాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏమైంది, బాగాలేదా?"

"అస్సలు బాగాలేదు!" అన్నాను సంబరంగా.

చెప్పకపోతే ఏమవుతుందని కూడా ఆలోచించాను. రిలీజయ్యాక లచ్చవ్వను వద్దన్న ప్రతివాడూ ఇక్కడే ఇరుక్కుంటాడు. వాళ్లు పెట్టబోయే తిట్లను ఒక్కొక్కటే ఊహించుకుని చాలాసేపు సంతోషించాను. అంతలో ఇంకో సంగతి తట్టింది. నేను నోరు మూసుకుంటే, ఈ బగ్‌ను పోలండ్‌లో ఎవడో పట్టుకుని నేనే ముందు చూశానని చెప్పుకుంటాడు. నా కంటపడ్డ బగ్ వాడి పేరున పోవడమా? ఆ కుళ్లుతోనే కూర్చుని, వీడియోతో సహా రిపోర్టు పంపాను.

మర్నాడు స్రవంతి మళ్లీ దిల్‌పసంద్ కట్టించుకుని మెట్లెక్కి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"బీటాల ఒక్కడు సుత లచ్చవ్వను వద్దనలే అన్నా. అందరికి ఆమెంటే పానం. రాసినోళ్లం మాకు సుత గంతే, ఆమె లేకుంటే ఎట్లని సోంచాయించనే లేదు. నీకెట్ల మనసొప్పింది?"

"టెస్టింగ్ కదమ్మా. అన్నీ చూడాలి."

అప్పుడు నవ్వింది. "అబద్ధం. నువ్వు కుళ్లుకుంటున్నవని నాకెరుకే. పాత ఆఫీసోళ్లు అందరు ఎంతో కొంత ఏసిండ్రు, పేజీల నీ ఒక్కని పేరే లేదు. గందుకే నీ తానికొచ్చిన. ప్రేమున్నోళ్లంత ఆడిండ్రు. మండుతున్నోడు ఒక్కడన్న ఆడాలె గద?"

ఆమె తెచ్చిన దిల్‌పసంద్ ముక్క తీసుకుని నములుతూ కూర్చున్నాను.

బగ్‌ను సరిచేశారు. ఇప్పుడు ఒంటరిగా వెళ్లినవాడు గుమ్మం ముందు నిలబడితే, మనం తరిమేసిన లచ్చవ్వే మూట పట్టుకుని ఆ దారిన వస్తుంది. మనవైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా తలుపు తట్టి లోపలికి వెళుతుంది. గేము విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ ఒక్క సన్నివేశం కోసమే లచ్చవ్వను కావాలని తరిమేసి రెండోసారి ఆడామని జనం రాశారు. అది నా ఓర్వలేనితనంలోంచి పుట్టింది, పేరు మాత్రం స్రవంతికి పోయింది. అదింకో మంట.

ఈ పనిలో నాకు తెలిసొచ్చింది ఇదీ. ఇష్టంగా ఆడేవాడు ఆటను ఎక్కడా నొప్పించడు, కాబట్టి వాడికి ఆట గుట్టు తెలియదు. అందుకే నాకు బాగా నచ్చిన గేము వస్తే ఇప్పుడు వేరేవాళ్లకు ఇచ్చేస్తాను. ఒళ్లు మండించే గేములు మాత్రం నేనే చూస్తాను.

ఈమధ్య స్రవంతి రెండో గేముకు డబ్బు అడగడం మొదలుపెట్టింది. మళ్లీ అదే వరద. రోజూ పేజీ తెరుస్తున్నాను, మూస్తున్నాను.

"ఈసారైనా మీరూ కొంచెం వెయ్యండి, బాగుంటుంది" అంది మా ఆవిడ.

"వెయ్యను" అన్నాను. "వేస్తే ఇక ఆ అమ్మాయికి నాతో పనేముంటుంది?"