వినని మాట రాయని మనిషి

మైదుకూరులో విత్తనాల అంగడి నడిపిన వెంకటసుబ్బయ్య శెట్టి గారు ఇక లేరు. ఒక మంగళవారం ఉదయం ఎర్రగుంట్లలోని మా సిమెంటు కర్మాగారంలో కొలిమి ఉష్ణోగ్రతలను నమోదు చేస్తుండగా, మైదుకూరు ఇంటర్నెట్ కేంద్రం యజమాని ఖాజా ఫోను చేశాడు. "సార్, మన శెట్టన్న పోయినాడు సార్. అంగడి తలుపు తీస్తా తీస్తానే కూలబడినాడంట" అన్నాడు. ఆ గంటకు సంబంధించిన గడిని నేను పూరించలేదు. నా ఉద్యోగ జీవితంలో నమోదు తప్పిన గంట అదొక్కటే.

ఆయనను అంగడిలో ఎరిగినవారిలో చాలామందికి ఆయన నోటుపుస్తకాల సంగతి తెలియదు. పుస్తకాల ద్వారా ఎరిగినవారు, అంటే దేశదేశాలలోని కొన్ని వందలమంది, ఆయన వేరుశెనగ విత్తనాలు అమ్ముకునే మనిషని ఊహించి ఉండరు. ఈ నాలుగు మాటలు ఉభయుల కోసం.

ఇంటర్నెట్ మీద ఎనిమిదేళ్ళకు పైగా సాగుతున్న ఒక ఆట ఉంది. దాని ఆంగ్లనామం పొడవైనది కనుక మేము 'ఏడు దీవులు' అనుకునేవాళ్ళం. రాజులు, మాంత్రికులు, మృగాలు నిండిన ఆ కల్పితలోకంలో వేలమంది ఏకకాలంలో సంచరిస్తారు. ఊళ్ళలో నిర్మాతలు సృష్టించిన గ్రామస్థులు ఉంటారు. దగ్గరకు వెళితే వాళ్ళు తమ కథ చెప్పి, ఒక పని అప్పగిస్తారు. పని పూర్తిచేస్తే ఆటగాడికి బలం పెరుగుతుంది. అందువల్ల అధికసంఖ్యాకులు కథను చదవకుండానే పనికి పరుగెత్తుతారు. శెట్టి గారికి మాత్రం బలం అక్కరలేదు, కథే కావాలి.

నేనూ ఆ ఆట ఆడేవాణ్ణే. ఆయనను మొదట చూసినది, సెలవు దినాలలో నేను ఆడడానికి వెళ్ళే ఖాజా కేంద్రంలోనే. ఎండకు అంగళ్ళు మూసే మధ్యాహ్నవేళ, పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చి, తెర మీది ఆంగ్లాన్ని నిఘంటువు సాయంతో చదువుతూ పొడుగాటి నోటుపుస్తకంలో తెలుగున రాసుకుంటున్నాడు. కుతూహలం ఆపుకోలేక ఏమిటని అడిగాను.

"ఈ ఊరి కైఫియత్తు రాస్తాండా అప్పా" అన్నారు తల ఎత్తకుండానే.

ఊరివాళ్ళ నోట విని ఊరి చరిత్రను లిఖించే కైఫియత్తుల సంప్రదాయం మా కడప సీమకు కొత్తది కాదు. లేని ఊళ్ళకు కైఫియత్తు రాయడం మాత్రం ఆయనతోనే మొదలు. పుటకు నాలుగు నిలువు గళ్ళు: చెప్పినవారు, చెప్పిన మాట, విన్నవారు, విన్న దినం. కొట్టివేతలన్నీ ఒకే సన్నని గీతతో ఉండేవి, కింది అక్షరాలు చదవడానికి వీలుగా. ఆ గ్రామస్థులందరూ ఆయన పుటలలో మైదుకూరు మాటే మాట్లాడేవారు. వాటిని తిరిగి ఆంగ్లంలోకి మార్చి అభిమానుల చర్చావేదికలో ఉంచడం నా వంతు అయింది.

ఆ వేదికలో ఒకసారి పెద్ద వివాదం రేగింది. ఉత్తర దీవి రాజును చంపినది తమ్ముడని ఒక పూజారి చెబుతాడు, జ్వరంతో పోయాడని ఒక కమ్మరి చెబుతాడు. అభిమానులు రెండు పక్షాలుగా చీలి వారాల తరబడి వాదించుకున్నారు. శెట్టి గారి అభిప్రాయం చెప్పమని నన్ను ఒత్తిడి చేశారు. "ఇద్దరూ చెప్పినారు, ఇద్దరిదీ రాసినా. తీర్పు చెప్పేదానికి నేనేమన్నా ఊరి పెద్దనా? కావాలంటే ఆ రాజునే అడుక్కోమను" అన్నారు. ఉన్నదున్నట్టు అనువదించి పెట్టాను. మూడు రోజుల తర్వాత వేదిక వేరే వివాదానికి మళ్ళింది.

ఇదేమీ ఆటతో పుట్టిన గుణం కాదు. ఏ విత్తనం ఏ నేలలో ఎలా పండిందో రైతు స్వయంగా వచ్చి చెబితేనే ఆయన మరొక రైతుకు చెప్పేవారు. ఒకసారి ఒకాయన "మా బావ చేన్లో శానా బాగా పండిందంట శెట్టీ" అంటే, "అయితే మీ బావను రమ్మను, మాట్లాడుకుంటాం" అనడం నేను విన్నాను. ఆ బావ నిజంగానే వచ్చాడు. మొలక సరిగా రాలేదని పోట్లాడి వెళ్ళాడు.

ఇప్పుడు నా అపరాధం చెప్పాలి. అది చెప్పకుండా ఆయన చిత్రం పూర్తికాదు.

గడచిన ఖరీఫ్‌కు ముందు నిర్మాతలు ఒక ప్రకటన చేశారు. కథలో సముద్రం పొంగి మారెన్ అనే పల్లె శాశ్వతంగా మునిగిపోతుందని, ఇక మూడు వారాలే గడువని దాని సారాంశం. మారెన్‌లో ముప్పై ఒక్కమంది గ్రామస్థులు. శెట్టి గారి పుస్తకంలో అప్పటికి పందొమ్మిదిమంది మాటలే ఉన్నాయి. వేరుశెనగ విత్తే అదును కావడంతో అంగడి విడిచి రావడం కష్టమైంది. తొమ్మిదిమందిని వీలు దొరికినప్పుడు తాను చూసుకుంటానని, ఆటలోని తన పాత్రతోనే ఆడి మిగిలిన ముగ్గురి మాటలు రాసి ఉంచమని నాకు అప్పగించారు. ఆ ముగ్గురిలో రేవు దగ్గరి పడవవ్వ ఒకతె. "ఆయమ్మ చెప్పేదంతా వినేదాకా పనికి ఒప్పుకోవాకు. ఒప్పుకుంటే మళ్ళా చెప్పదు" అని హెచ్చరించారు కూడా.

మొదటి ఇద్దరి మాటలు పద్ధతి ప్రకారమే రాశాను. పడవవ్వ దగ్గరకు వచ్చేసరికి మూడు తెరల నిడివి గల ఆమె ప్రసంగం కనబడింది. తెగిన తెడ్డు కట్టు వెతికి తేవడం ఆమె అప్పగించే పని. విద్యుత్తు కోత పడేలోగా దాన్ని ముగించి, తర్వాత తీరికగా చదువుదామని, పనికి ఒప్పుకునే బొత్తాం నొక్కాను. నలభై నిమిషాలలో కట్టుతో తిరిగివచ్చాను. "మేలు చేశావు, పడవ సిద్ధం" అని మాత్రమే అంది. ఎన్నిసార్లు పలకరించినా అదే వాక్యం. నా సొంత పాత్రతో ఏళ్ళ క్రితమే ఆ పని చేశాను. అప్పుడూ చదవలేదు.

అంగడికి వెళ్ళి చెప్పాను. శెట్టి గారు కోప్పడలేదు. "ఆయమ్మ చెప్పిందప్పా. నువ్వు విన్లా" అన్నారు, అంతే. చేతిలోని సంచి మూతి కట్టడం ముగించి, "కొత్త పాత్రతో మొదట్నుంచి పోదాం. ఇంకా ఆరు దినాలు ఉండాది కదా" అన్నారు.

కొత్త పాత్ర మారెన్ చేరాలంటే అడవి దాటాలి. బలం లేని పాత్రను తోడేళ్ళు చంపుతాయి, మళ్ళీ అడవి మొదట్లోనే లేవాలి. ఆ అదునులోనే ఆయన మధ్యాహ్నాలు అంగడి విడిచిపెట్టి వచ్చారు, తర్వాత ఉదయాలు కూడా. నేను మూడు రోజులు సెలవు పెట్టాను. ఆయన అర్ధాంగి రత్నమ్మ గారు స్వయంగా కేంద్రానికి వచ్చి, "రైతులు వాకిట్లో నిలబడుకోని ఉంటే మీరు మునిగిపోయే ఊరికి పోతాండారా?" అని నిలదీశారు.

"మునిగిపోతాంది కాబట్టే పోతాండామే. నిలబడే ఊరైతే రేపు పోమా?" అన్నారాయన.

"ఈయప్పకు చెప్పలేం. నువ్వన్నా చెప్పు నాయనా" అని ఆమె నా వంక చూశారు. నేను తెర మీది తోడేళ్ళ వైపు తల తిప్పుకున్నాను.

తోడేళ్ళు ఆయనను పదిహేడుసార్లు చంపాయి. "శెట్టన్నా, మళ్ళా సచ్చినావు" అని ఖాజా ఎగతాళి చేసేవాడు. "సచ్చినా లేస్తా లేప్పా. ఈ లోకంలో అదొక్కటి బాగుండాది" అని నవ్వేవారు. ఈనాడు ఆ నవ్వు తలచుకోవడం నాకు సులభంగా లేదు.

చివరి రోజు సాయంత్రం నాలుగున్నరకు ఆయన పాత్ర మారెన్ పొలిమేర చేరింది. రేవు కనిపిస్తోంది, పడవ కొస కనిపిస్తోంది. అంతలో, మారెన్‌లో సేవలు నిలిపివేయడమైనదన్న ప్రకటన తెర నిండా పరచుకుంది. నిర్మాతల గడియారాన్ని మన కాలంలోకి మార్చినది నేనే. అందులో పొరపాటు లేదు. మేమే ఆలస్యంగా చేరాం, అంతే. శెట్టి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నోటుపుస్తకంలోని మారెన్ పుటలో చెప్పినవారి గడిలో పడవవ్వ అని, విన్నవారి గడిలో నా పేరు రాశారు. మాట గడి ఖాళీగా వదిలారు.

ఆ ఖాళీని భరించలేక వేదికలో అడిగాను. ఎవరూ ఆ మూడు తెరల ఛాయాచిత్రం తీసి ఉంచుకోలేదు. అందరికీ కావలసింది పడవే. నలుగురు జ్ఞాపకం మీద మూడు విధాలుగా చెప్పారు. భర్త మునిగిపోయాడని ఇద్దరు, కొడుకని ఒకరు, తమ్ముడని మరొకరు. వాటిని తర్కబద్ధంగా సమన్వయించి, సముద్రం మింగిన భర్త కోసం ఎదురుచూసే స్త్రీగా ఒక ప్రసంగం కూర్చి తీసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు. "బాగా రాసినావప్పా. చదువుతాంటే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. కానీ ఇది నీ మాట, ఆయమ్మది కాదు" అని కాగితం మడిచి నా జేబులో పెట్టారు.

కర్మకాండ ముగిశాక రత్నమ్మ గారు పదకొండు నోటుపుస్తకాలు నాకు అప్పగించారు. "యేముండాదో నాకు తెలీదు నాయనా. తప్పు పడితే మాత్రం రాత్రి నిద్రపోడు" అన్నారు. ఆ వారంలోనే నిర్మాతల ప్రకటన వెలువడింది. అభిమానుల కోరిక మేరకు పాత మారెన్‌ను ఒక జ్ఞాపకలోకంగా తిరిగి తెరిచారట. నేను కొత్త పాత్రతో బయలుదేరాను. తోడేళ్ళు నన్ను ఇరవై రెండుసార్లు చంపాయి.

పడవవ్వ రేవులోనే ఉంది. ఆమె చెప్పినదంతా శెట్టి గారి పద్ధతిలోనే రాశాను, అందులో కొన్ని మాటలు ఇవి: "మా ఆయప్పకు నీళ్ళంటే శానా భయం. గట్టు మీద సేద్యం చేసుకుంటాండాడు. పొద్దుగూకితే చేపల పులుసు యాడ అంటాడు. నాకు పడవంటే ఇష్టం, అందుకే ఈడ ఉండా." ఎవరూ మునిగిపోలేదు. ఆమె భర్త నిక్షేపంగా ఉన్నాడు. నా తర్కమే అతడిని చంపింది. శెట్టి గారి పుస్తకం ఆ అబద్ధం నుంచి ఆయన నిగ్రహం వల్లనే తప్పించుకుంది.

అటువంటి నిష్ఠను మరొకరిలో చూస్తానన్న ఆశ నాకు లేదు. ఆ మహనీయునికి నేను సమర్పించగల అంజలి ఒక్కటే: మొన్న మధ్యాహ్నం రేవులో నిలబడి, బొత్తాం మీద వేలు పెట్టకుండా, మూడు తెరలూ ఆసాంతం విన్నాను. ఆయన బ్రతికి ఉన్నప్పుడు చేయవలసిన పని అది.