నా నుంచి వచ్చిన మార్పు

మా పాప గుండె కండరం బలహీనంగా ఉందని తేలేసరికి దానికింకా బడి వయసు రాలేదు. ఆమదాలవలసలో మాది కిరాణా కొట్టు. కొట్టు మూసుకుని పాపను రైల్లో విశాఖపట్నం తీసుకెళ్లేవాళ్లం. అక్కడి డాక్టరమ్మ పాపతోపాటు మా ఇద్దరి రక్తం కూడా జన్యు పరీక్షకు పంపింది. పాప జన్యువులో ఒక మార్పు ఉందనీ, జబ్బుకు బహుశా అదే కారణమనీ, అది నా నుంచి వచ్చిందనీ చెప్పింది.

నా భర్త నాకు మేనబావ. అత్తగారు మా నాన్నకు సొంత అక్క. అది తన పుట్టింటి రక్తం కాదనీ, మా అమ్మ వైపు నుంచే వచ్చుంటుందనీ వాకిట్లో నిలబడి అందరితో అనేది. నేను వంటింట్లోంచి బయటకు వచ్చేదాన్ని కాదు. మా తమ్ముడికీ పరీక్ష చేయిస్తే అదే మార్పు కనబడింది. బియ్యం బస్తాలు ఎత్తే మనిషి, బరువు ముట్టుకోవడం మానేశాడు. పెళ్లి సంబంధాలు చూడొద్దన్నాడు.

మా వివరాలు పరిశోధకులందరూ చూసుకునే చోట పెడతామనీ, పేర్లు ఉండవనీ డాక్టరమ్మ అడిగితే నేను ఒప్పుకోలేదు. మా కులంలో, మా ప్రాంతంలో, ఇంత చిన్న వయసులో ఈ జబ్బున్న పిల్ల ఇంకెవరున్నారు? పేరు లేకపోయినా మమ్మల్ని పోల్చుకుంటారని సిగ్గేసింది.

మరుసటేడు ఆవిడే రమ్మని కబురు పెట్టింది. మొదట పోల్చి చూసిన సమాచారంలో ఎక్కువగా వేరే దేశాలవాళ్లే ఉన్నారట. వాళ్లలో కనబడని మార్పు కాబట్టి చెడ్డదనుకున్నారట. ఈమధ్య మన వైపువాళ్ల వివరాలు కొన్ని చేరాయి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అది చాలామందికి ఉంది.

"మీ వల్ల వచ్చింది కాదమ్మా. మాకే అప్పుడు తెలియలేదు," అంది.

అసలు కారణమేమిటని బావ అడిగాడు. ఇంకా తెలియదంది. నేనది సరిగా వినలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను, సంతోషంతో. ఈసారి మా వివరాలు ఇవ్వడానికి నేనే ముందు ఒప్పుకున్నాను. రైలెక్కాక బావ ఫోన్ లాక్కుని, అత్తగారికి డాక్టరమ్మ మాటలు ఒక్కొక్కటీ అప్పజెప్పాను. బోగీలో అందరికీ వినబడాలనే గట్టిగా మాట్లాడాను.

స్టేషనుకు తమ్ముడు వచ్చాడు. వాడికీ అదే ఉత్సాహంతో చెప్పాను, ఇంక భయపడక్కర్లేదని. వాడు పాపను ఎత్తుకున్నాడు. అది వాడి భుజం మీద ఆయాసపడుతోంది.

"అయితే దీనికేటి సేత్తారటక్కా?" అన్నాడు.

నేను అడగలేదు. దారి పొడవునా ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు. బావ నా వంక చూసి తల తిప్పుకున్నాడు. పాత మందులే వాడమన్నారని అతనే చెప్పాడు. నేను పాప చెప్పులు చేత్తో పట్టుకుని, వాళ్లకు కొంచెం వెనగ్గా నడిచాను.