గడ్డమాయన ఎవలు?

నిండు క్లాసులో, పిల్లల ముందు, నేనొక ఇల్లాలి మీద నింద వేశాను. ఆమె కాగితం మీది బొమ్మ కాబట్టి కోర్టుకెక్కలేదు. కాని ఆనాటి ఆరో తరగతి పిల్లలు, తమకు పిల్లలు పుట్టాక కూడా, చౌరస్తాలో నేను కనబడితే నవ్వుతున్నారు. వాళ్ళు చెప్పే కథలో నా తప్పు ఏటేటా పెరుగుతోంది. దాని అసలు కొలత ఇక్కడ రాసిపెట్టక తప్పదు.

ఎనభైల మొదట్లో మాట. నేను కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాను, వరంగల్‌లో గ్రంథాలయం మెట్లు అరగదీసినవాణ్ణి. అన్ని పేపర్లనూ మొదటి కాలమ్ నుంచి చివరి కాలమ్ దాకా నమిలేవాణ్ణి. ఆ ఖ్యాతి విని మిషన్ బడి హెడ్‌మిస్ట్రెస్ గ్రేసమ్మ గారు నన్ను బడి లైబ్రరీకి పెట్టుకున్నారు, పని చూసి ఖాయం చేద్దామని.

"ఆరో తరగతిల కొందరు గడగడ చదువుతరు, కొందరు కూడబలుక్కుంటరు, కొందరికి అక్షరం చూస్తెనే జ్వరమొస్తది. అందరికీ ఒక్క కథే తెలియాలె. ఎట్ల చేస్తవో చెయ్యి బాబూ," అన్నారు.

ఊరంతా గాలించి, ఒక ఓడ వర్తకుడి పాత కథను బొమ్మల పుస్తకాలుగా మూడు తీరుల్లో పట్టుకొచ్చాను. ఒకదాంట్లో బొమ్మల కింద పేరాలకు పేరాలు. ఇంకోదాంట్లో నాలుగేసి మాటలు. మూడోదాంట్లో ఒట్టి బొమ్మలే. పిల్లలను కూడా మూడు బెంచీలుగా విడదీశాను, ఎనుమాముల మార్కెట్టులో మిర్చిని రకానికో రాశి పోసినట్టు.

"బొమ్మల పుస్తకాలా? రేపు నేనొచ్చి కూసుంట," అన్నారు గ్రేసమ్మ గారు. "మంచిగనిపిస్తె పుస్తకాలుంటయి, నువ్వూ ఉంటవు. లేకుంటె రెండూ వాపసు."

మర్నాడు ఆమె క్లాసులో వెనక కూర్చున్నారు. చదువొచ్చిన రెండు బెంచీలకూ వాళ్ళ పుస్తకాలు ఇచ్చేశాను. మూడో బెంచీకి మాత్రం పాపం ఏం తెలుసని, ఒట్టి బొమ్మల పుస్తకం తెరిచి నేనే చదివి వినిపించబోయాను. కథంతా ఒక్క పేజీలోనే ఉంది, ముందుగా చూసుకోలేదు. లావుపాటి నవలలు మింగినవాడికి ఆరు బొమ్మలొక లెక్కా? ఆ ఆరూ జంటలు జంటలుగా, ఒక జంట కింద ఇంకో జంటగా ఉన్నాయి. ఎడమ పక్క పైనుంచి కిందికి దిగాను.

"వర్తకుడు ఓడ ఎక్కుచున్నాడు, భార్య చేయి ఊపుచున్నది," అన్నాను పుస్తక భాషలో. "పిమ్మట ఆమె గడపలో కూర్చుండి ఏడ్చుచున్నది. పిమ్మట గడ్డమాయన ఒకడు వచ్చినాడు. ఆమె ఎదురేగి అతని చేతులు పట్టుకొన్నది."

నెక్కొండ నుంచి రైల్లో వచ్చే యాదగిరి మూడో బెంచీలో లేచాడు. "సార్, గడ్డమాయన ఎవలు?"

"ఆమె అన్నగారు కావచ్చును."

కుడి పక్క పై బొమ్మకు ఎక్కి, మళ్ళీ కిందికి దిగాను. "ఇచ్చట ఓడ మునిగినది. వర్తకుడు దీవిలో ఒంటరిగా ఆకలితో..." చివరి బొమ్మ చూసి, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. "ఇంటివద్ద భార్యయు, గడ్డమాయనయు విందు చేసుకొనుచున్నారు."

మొదటి బెంచీ సుశీల తలెత్తింది. "సార్, మా పుస్తకంల ఆమె మంచిదే."

"మీది వేరే ముద్రణ," అన్నాను.

గ్రేసమ్మ గారు లేచారు. "ఇది పిల్లలకు చెప్పే కథేనా బాబూ?"

"లోకజ్ఞానం మేడం," అన్నాను. నా నౌకరీ ఆ ఓడ వెనకే మునుగుతోంది.

యాదగిరి పుస్తకం లాక్కున్నాడు. "సార్, మీరు నిలువుల పోతాండ్రు. జర అడ్డం పోవాలె. ఓడెక్కిండు, పక్క బొమ్మల ఓడ మునిగింది. ఇంటికాడ ఆమె ఏడుస్తాంది, పక్కకు ఆయన దీవిల ఉన్నడు. దీవిల గడ్డం ఎవలు గీస్తరు సార్? గడ్డమాయన ఆమె మొగడే."

క్లాసు మొత్తం బెంచీల మీద పడి దొర్లింది. గ్రేసమ్మ గారు నా వైపు తిరిగారు. "నిలువుల ఎందుకు పోయినవు?"

"పేపరు గట్లనే చదువుతం కద మేడం." నా పుస్తక భాష ఎటు పారిపోయిందో తెలియదు.

ఆమె కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. నవ్వు ఆపుకోవడానికని నా అనుమానం. "పుస్తకాలుంటయి. నువ్వూ ఉంటవు. కాని మూడో బెంచీల. యాదగిరీ, జర జరుగు, సార్‌కు జాగియ్యి."

జరిగి జాగా ఇచ్చిన యాదగిరికి, వేరే ముద్రణ అంటే నమ్మని సుశీలకు, నా నౌకరీ నిలిపిన గ్రేసమ్మ గారికి, నింద మోసి కూడా నోరు మెదపని ఆ ఇల్లాలికి నా కృతజ్ఞతలు. నేను అరగదీసిన గ్రంథాలయం మెట్ల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, పక్క బొమ్మ చూడకుండా ఇక ఏ గడ్డమాయననూ అనుమానించను.