పంతొమ్మిది రోజులు తక్కువ

మా దీవిలో పిల్లలకి ఎనిమిదేళ్లు వస్తే చిన్న పడవ, లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల్ని పట్టే పది బోనులు చేతికిస్తారు. సముద్రంలోకి వెళ్లిన ప్రతి రోజూ ఒక పుస్తకంలో రాసుకోవాలి. లైసెన్సున్న పెద్దమనిషి ఎవరైనా కింద సంతకం పెట్టాలి. పద్దెనిమిదో పుట్టినరోజు లోపల రెండు వందల రోజులు పూర్తయితే లాబ్‌స్టర్లు పట్టే లైసెన్సు నేరుగా వస్తుంది. కాకపోతే వెయిటింగ్ లిస్టు. అయిదుగురు ముసలివాళ్లు లైసెన్సు వదులుకుంటే కొత్తగా ఒకటిస్తారు. అమెరికాలో మా మెయిన్ రాష్ట్రపు తీరంలో ముసలివాళ్లు అంత తేలిగ్గా పడవ దిగరు.

కర్టిస్ ఫ్యారెన్ పుస్తకం నూట ఎనభై ఒకటో రోజు దగ్గర ఆగిపోయింది.

అతనికి పదిహేడేళ్లున్న వేసవిలో వాళ్లమ్మ అర్లీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తండ్రి అప్పటికే లేడు. ఉన్నది ఫ్యాక్టరీ ఇల్లు. ఇంట్లో ఒకరైనా ఫ్యాక్టరీలో పనిచేస్తేనే ఆ ఇల్లు ఉంటుంది. తల్లి నిలబడిన చోట కర్టిస్ కత్తెర పట్టుకుని సార్డీన్ చేపల తలలు కత్తిరించడానికి నిలబడ్డాడు. సెప్టెంబరులో పుట్టినరోజు వచ్చి పోయింది. లిస్టులో అతని నంబరు అరవై ఒకటి.

ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. కర్టిస్ తన బాబాయి కొడుకు బ్రెంట్ పడవలో వెనక మనిషిగా చేరాడు. ఎర సంచుల్లో కుళ్లిన చేపలు కూరడం, బోను లాగడం, కొలత వేయడం, లాబ్‌స్టర్ల ముందుకాళ్ల పట్టుకార్లకి రబ్బరు తొడగడం, గుడ్లున్న ఆడ లాబ్‌స్టర్ తోకకి గుర్తుగా గాటు పెట్టి మళ్లీ నీళ్లలో వదలడం వెనక మనిషి పని. చక్రం దగ్గర నిలబడేది బ్రెంట్. లైసెన్సు బ్రెంట్‌ది, పడవ బ్రెంట్‌ది. ఇప్పుడు వాళ్ల నాన్న రేవు కూడా బ్రెంట్‌దే. మా ఊళ్లో ఎవరు పట్టిన సరుకైనా అతని కాటా మీదికే పోవాలి. నా భర్త వేడ్ పట్టినదీ అంతే.

ఊరాఫీసులో కాగితాలు నింపిపెట్టడం నా పని. ప్రతి అక్టోబరులో కర్టిస్ వచ్చి లిస్టులో పేరు రెన్యూ చేసుకునేవాడు. వచ్చిన ప్రతిసారీ అదే హాస్యం. "ఎవరైనా చచ్చారా జోడీ?" అనేవాడు. "నీ ముందువాళ్లకి ఆయుష్షు గట్టిదిరా" అనేదాన్ని. ఇరవై ఆరేళ్లలో అరవై ఒకటి కాస్తా తొమ్మిది అయింది.

ఈ జూన్‌లో బడి పిల్లల పట్టాల పండగకి మాట్లాడమని బ్రెంట్‌ని పిలిచారు. జిమ్ హాల్లో మడత కుర్చీలు వేశారు. కర్టిస్ వెనక వరసలో గోడకి భుజం ఆనించి కూర్చున్నాడు.

"అందరికీ అదే సముద్రం" అన్నాడు బ్రెంట్. "అవే బోనులు. తేడా ఎక్కడుంది? ఇక్కడ!" అని కణత మీద వేలితో కొట్టుకున్నాడు. "పదిహేడేళ్లకి మీరు ఏం తేల్చుకుంటారో నలభైకి అదే మీ ఇల్లు, అదే మీ ట్రక్కు. మా కర్టిస్‌ని చూడండి. ఒరేయ్, చెయ్యెత్తరా! వీడికన్నా బాగా బోను వేసేవాడు నాకు తెలీదు. పంతొమ్మిది రోజులు ఓపిక పట్టలేకపోయాడు. అంతే! ఇవాళ్టికీ నా ఎర సంచులు నింపుతున్నాడు."

హాలంతా నవ్వింది. కర్టిస్ కూడా నవ్వి ఎడమ చెయ్యి ఎత్తాడు. బోనులు లాగి లాగి అరిగిన కుడి భుజం లేవదు.

నేను నవ్వలేదు, కానీ నోరూ విప్పలేదు. అదే వేసవి, కర్టిస్ తలలు కత్తిరిస్తున్న రోజుల్లోనే, కర్టిస్ ఈడువాడే అయిన బ్రెంట్ మూడు వారాలు పోర్ట్‌లాండ్‌లో బాస్కెట్‌బాల్ శిబిరంలో ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, ఒకే బస్సులో వెళ్లాం. ఎవరూ సముద్రంలోకి వెళ్లని ఆదివారాలు పోగా పద్దెనిమిది రోజులు. వాడి పుస్తకంలో ఆ పద్దెనిమిది రోజులూ సముద్రంలో గడిపినట్టే ఉన్నాయి. వాళ్ల నాన్న మెర్ల్ సంతకం పెట్టాడు. ఊళ్లో సగం మందికి తెలిసిన సంగతే. మా సరుకు వాడి కాటా మీదికి పోతుంది కనక మా నోళ్లకి తాళం. ముగ్గురు నలుగురు పెద్దమనుషుల పిల్లలకి సంతకాలతో దొరికినదాన్ని తెలివి అని పిలుస్తూ, మిగిలిన పిల్లలకి పాఠం చెప్పిస్తున్నాం. చప్పట్లు కూడా మేమే కొట్టాం.

అక్టోబరు చివరి వారంలో కర్టిస్ వచ్చాడు. ఈసారి చావుల గురించి అడగలేదు.

"లేటయ్యావే! శుక్రవారంతో గడువు అయిపోతోంది" అన్నాను.

"రెన్యూవల్ కాదు. ఆ రెండో ఫారం ఇవ్వు."

"ఏ రెండోది?"

"పేరు తీసేసేది."

"మతి పోయిందా నీకు? తొమ్మిదికొచ్చి ఇప్పుడు దిగిపోతావా?"

"తొమ్మిది ఒకటయ్యేసరికి నాకు యాభై దగ్గరపడుతుంది. ఈ భుజంతో కాఫీ కప్పు లేవడంలేదు, బోను లేస్తుందా? ఏ బ్యాంకువాడు పడవ కొనిస్తాడు? లైసెన్సుకి ఫ్రేము కట్టించి అమ్మ మంచం పైన తగిలించుకోనా?"

"బ్రెంట్ గాడి వాగుడు విని..."

"వాడన్నదాంట్లో తప్పేముంది? పంతొమ్మిది రోజులేగా."

ఇక ఉండలేకపోయాను. శిబిరం సంగతి, బస్సు సంగతి, పద్దెనిమిది రోజుల సంగతి చెప్పేశాను. ఇరవై ఆరేళ్ల తర్వాత ఎవరూ లేని ఆఫీసులో చెప్పడం కూడా ఒక ధైర్యమేనా? కర్టిస్ శాంతంగా విన్నాడు.

"తెలుసు జోడీ. ఆ రోజులు రాసింది నేనే."

"ఏంటి?"

"బ్రెంట్ రాత కోడి కెలికినట్టుంటుంది కదా! మెర్ల్ బాబాయి నన్ను పిలిచి రాయించాడు. షిఫ్టు దిగి వాళ్ల వంటింట్లో కూర్చుని రాశాను. గాలి ఎటుంది, ఎన్ని బోనులు లాగాడు, అన్నీ. పిన్ని తినడానికి బ్లూబెర్రీ కేకు పెట్టింది."

"మరి నీ పుస్తకంలో ఎందుకు రాసుకోలేదురా? పెన్ను నీ చేతిలోనే ఉందిగా!"

అతనికి ఈ ప్రశ్న ఎవరూ వేయలేదేమో, తనకి తాను కూడా.

"బాబాయి రాసుకోమనలేదు. నేను అడగలేదు. అడగొచ్చని తట్టలేదు. మనలాంటి వాళ్లం రాసుకుంటే దొంగలెక్క అవుతుందనుకున్నాను." చిన్నగా నవ్వాడు. "బ్రెంట్ చెప్పింది ఇదే కదా? తేడా ఇక్కడుంది." ఎడమ చేతి వేలితో కణత తట్టుకున్నాడు.

నాకు అరవాలనిపించింది. ఆ తలలోకి అది ఎవరు ఎక్కించారు? ఫ్యాక్టరీ ఇంట్లో పుట్టినవాడికి అడిగితే గెంటేస్తారనే తెలుసు. రేవు ఇంట్లో పుట్టినవాడికి అడగకుండానే అమరుతుంది. కానీ ఈ మాటలన్నీ చెప్పినా అతని భుజం పైకి లేవదు.

ఫారం అతని వైపు జరిపాను. బల్ల ఎత్తుకి అతని కుడి చెయ్యి రాలేదు. "నువ్వే రాసిపెట్టు" అన్నాడు. పేరు రాశాను, నంబరు రాశాను. తర్వాత 'కారణం' అని ఒక గడి ఉంది.

"ఇక్కడేం రాయను?"

"సొంత నిర్ణయం అని రాయి."

"కర్టిస్, అది నిజం కాదు."

"గడి చిన్నదిగా జోడీ. అంతకన్నా ఏం పడుతుంది?"

రాశాను. ముద్ర వేశాను. అతను వెళ్లాక లిస్టు తీసి గీత కొట్టాను. పదో నంబరువాడు తొమ్మిది అయ్యాడు. వాడు కూడా బ్రెంట్ రేవులోనే పట్టుకార్లకి రబ్బరు తొడుగుతాడు. వాడికి ఫోన్ చేసి చెబితే సంబరపడిపోయి, "ఎవరైనా చచ్చారా?" అని అడిగాడు.