ఎర్రనల్లికి తెచ్చిన గంధకం

జనగామ దారిలోని మిలిటరీ క్యాంపు ముందు మా ఎడ్లబండిని ఆపి, జవాన్లు గంధకం మూటను దించారు. మూట మీద చేయి వేసుకుని కూర్చున్న రైతు కొమురయ్యనూ దించారు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. కమ్యూనిస్టు దళాల కోసం ఊరూరా గాలింపు సాగుతోంది. గంధకం దొరికితే అది మందుగుండుకే అని వాళ్ల లెక్క. అలా పట్టుబడిన రైతు ఎప్పుడు ఇల్లు చేరతాడో చెప్పగలిగేవాళ్లు లేరు.

నేను అప్పట్లో వ్యవసాయ శాఖలో ఫీల్డ్ అసిస్టెంటును. తరిగొప్పుల దగ్గర కొమురయ్య బత్తాయి తోటలో పురుగుమందులు పరీక్షిస్తుండేవాణ్ణి. కొత్తగా వచ్చిన డి.డి.టి.ని స్ప్రేయర్‌తో కొట్టి, పోల్చి చూడటానికి ఒక వరుసను ఏ మందూ లేకుండా వదిలాను. దాన్ని కంట్రోల్ అంటాం. కొమురయ్యకు అది నచ్చలేదు.

"గీ చెట్లేం పాపం జేసినయ్ సారూ?" అని పోయినప్పుడల్లా అడిగేవాడు.

గొంగళిపురుగులు రాలిపడ్డాయి. కొన్నాళ్లకు మందు కొట్టిన చెట్ల ఆకులే దుమ్ము పట్టినట్టు పాలిపోయాయి. భూతద్దంలో చూస్తే ఆకు అడుగున ఎర్రనల్లి, మా భాషలో రెడ్ మైట్. నల్లిని తినే అక్షింతల పురుగులను కూడా మా మందు చంపేసింది. కంట్రోల్ వరుస మాత్రం పచ్చగా ఉంది.

"సూసినవా, నువ్వు ఇడిసిపెట్టినయే మంచిగున్నయ్" అన్నాడు కొమురయ్య. నవ్వుతూనే అన్నాడు గాని, పిందెలు రాలుతున్నాయి. ఆ తోట తప్ప వాళ్లింటికి వేరే ఆధారం లేదు.

నల్లికి లైమ్ సల్ఫర్ పనిచేస్తుంది. గంధకాన్ని సున్నంతో కలిపి ఉడికించిన ద్రవం అది. కొంచెం కాచి రెండు చెట్ల మీద చూశాం, గుణం కనబడింది. తోటంతటికీ సరిపడా గంధకం జనగామ బజారులో కొని తిరిగి వస్తుంటే ఇలా దొరికిపోయాం.

క్యాంపు వరండాలో అప్పటికే ఒక ముసలి గొర్ల కాపరి కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గరా గంధకం పొట్లమే పట్టుకున్నారట.

"గొర్లకు గజ్జి లేసింది బిడ్డా. నూనెల కలిపి రాద్దామని తెచ్చిన. చెప్తె ఇంటలేరు" అన్నాడు నాతో. పేరు మల్లయ్య అన్నాడు.

క్యాంపు సుబేదారు ఉత్తరాది కొండల మనిషి. నేను ఉర్దూలో చెప్పిందేదీ నమ్మలేదు. సంచిలోంచి నల్లి పట్టిన ఆకు తీసి భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"ఆ మందు ఎట్లా కాస్తారు?" అని అడిగాడు.

నేను చెబుతుండగానే కొమురయ్య అందుకున్నాడు. "గది కాసిననాడు మా ఇంటామె నన్ను గడప తొక్కనియ్యలే దొరా. కుళ్లిన గుడ్ల కంపు. బర్రెల కొట్టంల పన్న. బర్రె గూడ మొకం తిప్పుకున్నది."

ఆ మాటలు ఉర్దూలో చెప్పేసరికి సుబేదారు మొహం సడలింది. "మా నాన్ననూ అమ్మ బయటే పడుకోబెట్టేది" అన్నాడు. వాళ్లకు ఆపిల్ తోట ఉందట. చలికాలంలో ఆకు రాలాక చెట్లకు ఇదే కొట్టేవారట. మూటను తిరిగి బండిలో పెట్టించాడు.

మల్లయ్య సంగతీ అడిగాను. గజ్జికి గంధకం రాయడం అందరూ చేసేదేనని చెప్పాను.

"అతని విషయం పొద్దున్నే పైకి పోయింది. నా చేతిలో లేదు" అన్నాడు సుబేదారు, నా వైపు చూడకుండా. మేము ఎడ్లను కట్టేలోపే ముసలాయన్ని లారీ ఎక్కించారు.

కొమురయ్య తోట నిలిచింది. కాయ తక్కువే గాని, ఇల్లు గడిచింది. తర్వాత ఒక దినపత్రికలో వ్యవసాయ పేజీ బాధ్యత చూసుకున్న ఏళ్లలో, ఏ మందు గురించి రాసినా అది చంపకూడని వేటిని చంపుతుందో కూడా రాశాను. ఆ ఎరుక ఆ తోట ఇచ్చింది. తన చెట్లను నా చేతికిచ్చి, నష్టపోతూ కూడా తోటలోకి రావద్దనని కొమురయ్యకూ, ఆకు తిప్పి చూసిన ఆ సుబేదారుకూ రుణపడి ఉన్నాను.

మల్లయ్య గురించి తరిగొప్పులలో, ఆ చుట్టుపక్కల గొర్ల మందల దగ్గర అడుగుతూనే వచ్చాను. ఆ పేరు గలవాళ్లు చాలామంది కలిశారు. లారీ ఎక్కిన మల్లయ్య ఏ ఊరివాడో, ఇల్లు చేరాడో లేదో ఇప్పటికీ తెలియలేదు.