నేనే పేరు పెట్టుకున్న జబ్బు

ప్రభువునందు ప్రియమైన సహోదరీలారా, మగవాళ్లున్న కూడికలో చెప్పలేక ఈ సాక్ష్యం పత్రికకు రాస్తున్నాను. పోయిన ఎండాకాలమంతా నాకు ఆడవాళ్లు దాచుకునే చోట దురద, మంట. కూర్చుంటే నిప్పు, నిలబడితే నిప్పు! కర్నూలు అంగళ్ల మధ్య పెరిగి, ఓర్వకల్లులో ఫ్యాన్సీ అంగడి నడిపేదాన్ని, చూపుతోనే సరుకును పసిగట్టే నాకు డాక్టరెందుకని, ఫంగస్ అని నేనే తేల్చేసి, మందుల అంగట్లో ట్యూబు మీద ట్యూబు కొని పూశాను.

తగ్గలేదు. అప్పుడు కూడా నా అనుమానం మందు మీదికి పోలేదు, నా భర్త మీదికి పోయింది! సరుకు కోసమని కడపకు పోయి అక్కడి నుంచే ఏదో అంటించుకొస్తున్నాడని ఆయన చొక్కాలు వాసన చూశాను, సంచి దులిపాను, పడక వేరు చేశాను.

"ఏమైందే నీకు? నువ్వు తిట్టకుంటే నాకు భయమైతాండాది" అన్నాడాయన.

"కడపలోనే అడుగుపో" అన్నాను.

పుట్టింటికి పోదామని బట్టలు సర్దుకున్నాను. ఆదివారం మోకరించి, "ప్రభువా, తప్పెవరిదో బయటపెట్టు, మూడు శుక్రవారాలు ఉపవాసముంటాను" అని దేవునితోనూ బేరమాడాను! పక్కనే ఉన్న పాస్టరమ్మ నా ఏడుపు చూసి, సంగతంతా రాబట్టి, మరుసటి రోజే కర్నూలు ఆసుపత్రికి లాక్కుపోయింది.

"ఫంగసే మేడం, పరీక్షొద్దు, గట్టి మందు రాయండి" అన్నాను.

"దురద ఒకటే అయినా కారణాలు శానా ఉంటాయమ్మా. చూసి కూడా ఒక్కోసారి పొరబడతాం, చూడకుండా ఎట్ల చెప్పేది?" అని డాక్టరమ్మ పుల్లకు దూది చుట్టి తడి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టించింది, మిగతా పరీక్షలూ చేయించింది.

ఫంగస్ లేదు! ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బూ లేదు! "ఏం సబ్బు వాడతావు?" అని ఆమె అడిగితే అప్పుడు నాకు వెలిగింది. అంగట్లో అమ్ముడుపోని ఘాటు వాసన సబ్బులు, పారేయడానికి మనసొప్పక, దురద పెరిగేకొద్దీ ఎక్కువ రుద్దుకున్నది నేనే! ఆ సబ్బులకు నా ట్యూబులు తోడై చర్మం కాలిపోయింది. అందరినీ అనుమానించాను గానీ, నా అంగడి సరుకును ఒక్కరోజైనా అనుమానించానా! ప్రభువు నా ప్రార్థన విని తప్పు బయటపెట్టాడు, అది నాదే.

రెండూ మానేశాక కొన్ని వారాల్లో మంట చల్లారింది. నా భర్తకు అంతా ఒప్పుకుని క్షమించమన్నాను. "నేను కడపలో ఏం చేసినానో నీకే బాగా తెలుసు, నాకే చెప్పలేదు" అని ముఖం తిప్పుకుని నవ్వాడు, ఆ నవ్వులో తడి ఉంది. దేవునికే మహిమ!

సహోదరీలారా, అనుమానించే బుద్ధి నాలో పూర్తిగా చావలేదు, దానికోసం ప్రార్థించండి. మీలో ఎవరైనా ఇట్లా దాచుకుని కాలిపోతుంటే, సిగ్గును ప్రభువు పాదాల దగ్గర పెట్టి, ఆయనను నమ్మి పరీక్షకు పోండి. ఒంటరిగా పోలేకుంటే నన్ను పిలవండి, నేను వస్తాను.